నేల చేరని పచ్చ వైరు

తడి దుప్పటి మిషన్లోంచి సగం పైకి లేచింది. అంతలో దేవకుమారి మోచెయ్యి రేకుకు తగిలింది. మనిషి అమాంతం వెనక్కి పడింది. దుప్పటి గచ్చు మీద, తను దుప్పటి మీద. భుజం దాకా చెయ్యి తిమ్మిరెక్కింది.

వంటింట్లోంచి ఇంటావిడ ఝాన్సీలక్ష్మి వచ్చింది. తొంభై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో తెనాలిలో ఆ వీధి మొత్తానికి బట్టలుతికే మిషన్లు రెండే. మొదటిది ఎదురింట్లో ఉండే మరిది శేషగిరిరావు కొన్నాడు. అది వచ్చిన పదో రోజుకల్లా ఈ ఇంటికి రెండోది వచ్చింది. పది రోజులూ ఝాన్సీలక్ష్మికి అన్నం సహించలేదు మరి.

"ఏంటే, మళ్ళీనా?"

"కొట్టిందమ్మగారూ. జివ్వున లాగేసింది."

ఝాన్సీలక్ష్మి అరచెయ్యి మిషను మీద ఆనించింది. అటు నిమిరింది, ఇటు నిమిరింది. "ఏదీ? నాకు కొట్టదేం? నిన్న అయ్యగారు కూడా పట్టుకు చూశారు. మిషనొచ్చిందని నీ జీతంలో యాభై తగ్గించాంగా, ఆ కడుపుమంటే ఇదంతా. లే, దుప్పటి మళ్ళీ జాడించు."

దేవకుమారి నేల మీద నుంచే ఆవిడ పాదాలకేసి చూసింది. నీలం పట్టీల రబ్బరు చెప్పులు. మోకాళ్ళ నొప్పులకని డాక్టరు చెబితే ఆవిడ ఇంట్లోనూ చెప్పులతోనే తిరుగుతుంది. ఆవిణ్ణి చూసి ఆయనా మొదలెట్టాడు. పనిమనిషి మాత్రం చెప్పులు వెనక గేటు బయటే విడవాలి. ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలో ఏ ఇంట్లోనైనా అంతే. రోజంతా తడిలో నాని పగిలిన తన మడమలు చూసుకున్నప్పుడల్లా దేవకుమారికి ఆ నీలం పట్టీల మీద ఒళ్ళు మండేది.

ఐతానగర్‌లో ఇంటికొచ్చి సంగతి చెబితే మొగుడు అంద్రెయ మొహం వెలిగిపోయింది. పెళ్ళాం షాకు కొట్టి పడిందంటే ఏ మగాడి మొహమైనా వాడాలి. ఈ మహానుభావుడు మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"బర్నబాసు చేసిన వైరింగే గదా అది! చూశావా వాడి పనితనం!"

అంద్రెయ కూడా ఎలక్ట్రీషియనే. ఇరవై ఏళ్ళుగా అదే పని. బర్నబాసుకు ఫ్యూజు తీగ కట్టడం నేర్పింది తనే. అలాంటిది ఝాన్సీలక్ష్మి భర్త పూర్ణచంద్రరావుగారి కొత్త ఇంటి వైరింగు బర్నబాసుకు పోయింది. ఆ పని చేసి వాడు మోపెడ్ కొన్నాడు. అక్కడితో ఆగినా బాగుండు. చర్చిలో ట్యూబులైట్లు ఊరికే బిగించిపెట్టాడు. పాస్టరుగారు ప్రసంగం ఆపి మరీ వాడి పేరు చదివి వందనాలు చెప్పారు. ఆ ఆదివారం అంద్రెయ పాట పాడలేదు. పాటల పుస్తకం తెరిచి, పెదవులు బిగించి, ఆ లైట్లలో ఒక్కటైనా టపటపా కొట్టుకుంటుందేమోనని ఆరాధన అయిందాకా పైకి చూస్తూ కూర్చున్నాడు. ఒక్కటీ కొట్టుకోలేదు.

"మరి అమ్మగారికి కొట్టదేంటి?" అడిగింది దేవకుమారి.

"ఆవిడ కాళ్ళకి రబ్బరు చెప్పులుంటయ్యి గదే. కరెంటు నేలలోకి దిగాలంటే దారి కావాల. నీవి వట్టి కాళ్ళు, కిందంతా తడి. నీలోంచే దిగిద్ది. ఎర్తు వైరుంటే రేకులోంచే దాని గుండా భూమిలోకి పోయిద్ది, ఫ్యూజు కొట్టేసిద్ది. వాడు ఎర్తు ఎగ్గొట్టాడన్నమాట, దొంగ!"

"అయితే ఇప్పుడే ఎళ్ళి చెప్పు."

"ఇప్పుడెందుకు? నాలుగు రోజులు పోనీ. ఆ ఇంటోళ్ళక్కూడా తగలాల. అప్పుడు గదా వాడి పేరు బజార్న పడేది!"

దేవకుమారి నెమ్మదిగా అంది: "ఆ నాలుగు రోజులూ మిషను కాడ నిలబడేది నేనే గదయ్యా."

అంద్రెయకు సిగ్గేసింది. ఆ సిగ్గుకు కోపమొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున్నే మాత్రం టెస్టరు జేబులో పెట్టుకుని ఆమెతోపాటు బయల్దేరాడు. పెళ్ళాం కోసమని తనకు తాను చెప్పుకున్నాడు గానీ, దారిపొడుగునా అతను తలుచుకుంది బర్నబాసు మొహమే.

మిషను రేకుకు టెస్టరు ఆనించగానే అందులోని బుడ్డి లైటు వెలిగింది. మిషను వైరు చేత్తో పట్టుకుంటే కాలుతోంది. మిషన్లోకి దూరేచోట పైతొడుగు కరిగి, లోపలి రాగి రేకును ఒరుసుకుంటోంది. మీటరు దగ్గరికెళ్ళి ఫ్యూజు పీకి చూశాడు. వెంట్రుకంత తీగ ఉండాల్సినచోట చీపురుపుల్లంత రాగి చుట్టి ఉంది. ఇల్లు తగలబడ్డా తెగదది.

"ఇది ఎవరు కట్టారండి?"

"నేనే," అన్నాడు పూర్ణచంద్రరావు పేపరు మడుస్తూ. "మా శేషగిరి భార్య మిషను చూట్టానికొచ్చిన రోజే ఫ్యూజు పోవాలా! ఎంత నవ్విందనుకున్నావు. ఇక ఛస్తే పోకుండా కట్టా."

అదలా ఉంచి, అంద్రెయ తను వచ్చిన పనిలో పడ్డాడు. మరలు తిప్పి ప్లగ్గు బోర్డు ఊడదీశాడు. ఎంత ఆశగా ఊడదీశాడో! మూడో రంధ్రానికి ఎర్తు తాలూకు పచ్చ వైరు పొందిగ్గా మెలిపెట్టి బిగించి ఉంది. ఇంకో బోర్డు తెరిచాడు. అక్కడా ఉంది. ఆ పచ్చ వైరు ఎక్కడా అతుకన్నది లేకుండా ఇల్లంతా తిరిగి, పెరటిగోడ పైపులోంచి బయటికొచ్చి, చుట్ట చుట్టుకుని వేలాడుతోంది. కొసకు టేపు కూడా వేసి ఉంది. దాన్ని పాతాల్సిన గొయ్యి మాత్రం కింద లేదు.

అంద్రెయ ఆ టేపు వేసిన కొసను వేలితో తడిమి చూశాడు. తను చేసినా ఇంత శుభ్రంగా చెయ్యలేడు. వాడు పని చెడగొట్టి ఉంటే ఎంత బాగుండేది!

"ఈ కొస భూమిలోకి దించలేదేంటండి?"

"బర్నబాసు మొత్తుకున్నాడయ్యా. గొయ్యట, బొగ్గులట, ఉప్పట! వాస్తు చూసినాయన ఆ మూల గొయ్యి తవ్వితే యజమానికి ప్రాణగండం అన్నాడు. ఎలా తవ్వనిస్తాను?" పూర్ణచంద్రరావు గొంతు తగ్గించాడు. "చూడు అంద్రెయా, తప్పు నాదని తెలిస్తే మా తమ్ముడు ఊరంతా చెప్పుకుని నవ్వుతాడు. బర్నబాసు పాడుచేశాడు, నువ్వొచ్చి బాగుచేశావు, అంతే. ఆ వైరుకి టేపు చుట్టి ఫ్యూజు పెట్టెయ్. రేపల్లెలో రైసుమిల్లు కడుతున్నా. వైరింగు మొత్తం నీదే."

అంద్రెయకు నోరూరింది. అబద్ధమెందుకు? నిజంగానే ఊరింది. మోపెడ్ గుర్తొచ్చింది, పాస్టరుగారి గొంతు గుర్తొచ్చింది. ఒక్క మాటంటే చాలు, బర్నబాసు మళ్ళీ ఎక్కడా తలెత్తుకోలేడు. చేతిలో ఫ్యూజు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇంకా ఆలోచనేంటి? బట్టలు నాని కంపు కొడుతున్నాయి," అంది ఝాన్సీలక్ష్మి. "ఫ్యూజు పెట్టవయ్యా. కుమారీ, రా!"

"రానండి," అంది దేవకుమారి.

ఆ ఇంట్లో ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు. ఝాన్సీలక్ష్మి సరిగా వినపడనట్టు చూసింది.

"ఫ్యూజు పెట్టమనండమ్మగారూ, పెడతాడు. మీరు ఆ చెప్పులిడిసి, ఈ తడిలో నిలబడి, ఒక్కసారి మిషను పట్టుకోండి. మీకు కొట్టకపోతే ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఇయ్యాలే ఉతికేసి పోతా."

"ఏంటా మాటలు! మతి గానీ పోయిందా?" అంది ఝాన్సీలక్ష్మి. అంటూనే ఒక అడుగు ముందుకు వెయ్యబోయి ఆగిపోయింది. కాలి వేళ్ళు పట్టీని గట్టిగా కరుచుకున్నాయి. పూర్ణచంద్రరావు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. దేవకుమారి వాళ్ళిద్దరినీ వదిలేసి మొగుడి వైపు చూసింది.

అంద్రెయ టెస్టరు జేబులో పెట్టుకున్నాడు.

"బర్నబాసు పని బాగుందండి," అన్నాడు. ఆ ఒక్క మాట గొంతు దాటి రావటానికి ప్రాణం పోయినంత పనైంది. "నాకంటే బాగా చేశాడు. అక్కడ గొయ్యి తవ్వి ఆ వైరు భూమిలోకి దించిందాకా నేనీ ఫ్యూజు పెట్టను."

ఫ్యూజు తీసుకెళ్ళి పెరటి గట్టు మీద, అందరికీ అందేచోట పెట్టాడు. ఎవరైనా తీసుకెళ్ళి పెట్టుకోవచ్చు. తొట్లో బట్టలు నానుతున్నాయి. ఎదురింట్లో శేషగిరిరావు మిషను గుర్రుమని తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది. ఝాన్సీలక్ష్మి అటొకసారి, గట్టు మీదికొకసారి చూసింది గానీ అక్కణ్ణించి కదల్లేదు. తడి గచ్చు మీద నీలం పట్టీల చెప్పులు, వాటిలోనే ఆవిడ పాదాలు.