శనివారం కుర్చీ

ఎండ నడినెత్తికొచ్చింది. గౌలిపురలో వైకుంఠం సేటు ఇంటి ముందు షామియానా వేశారు గాని, దాని నీడ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న చుట్టాలకే సరిపోయింది. దానం పుచ్చుకునేవాళ్ళు గడప దిగువన నిలబడాలని సేటు భార్య వరమ్మ పొద్దున్నే చెప్పింది. మంచిగానే చెప్పింది, మజ్జిగ కూడా పంపించింది. రమాబాయి ఎనిమిదేళ్ళ కూతురు స్ఫూర్తిని ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటూ అక్కడే నిలబడి ఉంది.

స్ఫూర్తికి మెడ నిలవదు, నడుము నిలవదు. కాన్పప్పుడు ఊపిరాడక మెదడుకు దెబ్బ తగిలిందన్నారు డాక్టర్లు. బుద్ధికి మాత్రం ఏ లోటూ లేదు. పక్కింట్లో ఎవరు ఎవర్ని తిట్టారో పూసగుచ్చినట్టు చెబుతుంది. కాకపోతే మాట ముద్దముద్దగా వస్తుంది. ఆ మాట ఒక్క తల్లికే అర్థమవుతుంది, తండ్రికి కూడా సగమే.

జహనుమాలో వాళ్ళుండే గల్లీ చివరనే సర్కారు బడి. "కూర్చోగలిగితే పంపించమ్మా" అన్నాడు పెద్దసారు. కూర్చోబెట్టే కుర్చీ ఉందని ఫిజియోథెరపీ చేసే కౌముది మేడం చెప్పింది. తేలికపాటి అల్యూమినియం కుర్చీ, తలకు ఆనుడు, నడుముకు రెండు పక్కలా మెత్తలు, ఛాతీకి పట్టీ. టేపు పెట్టి పిల్ల వీపూ తొడలూ మెడా కొలిచింది. ఆ కొలతలకే చేయించాలనీ, లేకపోతే వెన్ను ఇంకా వంకర పోతుందనీ మరీ మరీ చెప్పింది. ధర ముప్పై ఎనిమిది వేలు. రమాబాయి టిఫిన్ సెంటర్లో పిండి రుబ్బి, గిన్నెలు తోమితే నెలకొచ్చేది తొమ్మిది వేలు. భర్త ఆగయ్య వైకుంఠం సేటు బెల్లం దుకాణంలో హమాలీ, బస్తా ఎత్తిన రోజే కూలి. అందుకే ఇద్దరూ వెళ్ళి సేటు కాళ్ళు పట్టుకున్నారు. "ఇప్పిస్త తియ్యి" అన్నాడు సేటు. ఆ రోజు నుంచీ రమాబాయి గల్లీ అంతా చాటింపు వేసుకుంది. స్ఫూర్తికి బడి సంచీ కూడా కొని గోడకు తగిలించింది.

ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. నల్లగుడ్డ కప్పిన కుర్చీని నలుగురు పట్టి దించారు. నలుగురెందుకా అనుకుంది రమాబాయి. గుడ్డ తీశాక తెలిసింది.

అది ఇనుము. లావుపాటి పైపులు, వాటి మీద వెల్డింగ్ మచ్చలు, నల్లరంగు. పెద్దమనిషి పట్టేంత వెడల్పు. తలకు ఆనుడు లేదు, పక్కల మెత్తలు లేవు, పట్టీ లేదు.

"సేటూ, మేడం కొలతలిచ్చింది గద..." అంది రమాబాయి.

"గా కొలతలది అల్మినియం కుర్చీ అమ్మా. అది పనికిరాదన్నరు విఠల్‌రావు పంతులుగారు" అన్నాడు వైకుంఠం, ఎంతో ఓపికగా. "మా మనవడు నిఖిలేష్‌కు ఏలినాటి శని నడుస్తుంది. పాపం, పోరడు ఎన్ని పరీక్షలు రాసినా పోతున్నయి. శనికి ఇనుమే ఇయ్యాలె. అది గూడ శనివారం, నడవలేని పిల్ల చేతికి. చాంద్రాయణగుట్ట కాడ దగ్గరుండి చేయించిన. ఫికర్ చేయకు, పిల్ల ముసల్దయ్యేదాకా విరగది."

సేటు చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఇంటికి పోయి నాలుగు తిట్టుకోవచ్చు. శని కుంటివాడు గనక కుంటివాళ్ళకిస్తే తొందరగా ముడుతుందని ఆయన మనసారా నమ్మాడు. ఇచ్చినవాడికి పీడ వదులుతుంది. వదిలిన పీడ ఎవరి నెత్తినెక్కుతుందో పుచ్చుకునేవాడు అడగకూడదు. అది ఊరందరికీ తెలుసు. అందుకే శనిదానం పట్టేవాళ్ళు అంత సులువుగా దొరకరు. కుర్చీ కోసం కాళ్ళు పట్టుకున్నవాళ్ళు దొరికారు.

రమాబాయి భర్త వైపు చూసింది. "ఊకో" అన్నాడు ఆగయ్య పళ్ళ సందునుంచి. "సోమారం దుకాణం కాడికి పోవద్దా నేను?"

గుమాస్తా సోమయ్య నవ్వాడు. "పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టుంది."

చుట్టాలు కూడా నవ్వారు. "ఏందమ్మా, మంచిగ లేదా?" అన్నాడు సేటు, కాస్త నొచ్చుకుని.

"మస్తుంది సేటూ" అంది రమాబాయి. అని, చేతులు కూడా జోడించింది. ఇళ్ళల్లో, హోటళ్ళలో, ఆసుపత్రుల్లో ఇన్నేళ్ళుగా జోడించిన చేతులు. వాటికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

స్ఫూర్తిని కుర్చీలో పెట్టారు. పెట్టగానే పక్కకు ఒరిగింది. ఆగయ్య భుజం మీది తువ్వాలు తీసి, ఛాతీ చుట్టూ తిప్పి, వెనకాల బస్తాకు వేసే ముడి వేశాడు. తల ముందుకు వాలిపోయింది. కొత్త గౌను మీద చొంగ కారింది. "అయ్యో, కుంటి పిల్ల, పాపం" అన్నారు షామియానా కిందివాళ్ళు. ఎవరో ఫోనెత్తి వీడియో తీస్తున్నారు. పట్టుపంచె కట్టుకున్న నిఖిలేష్ తల పక్కకు తిప్పుకున్నాడు.

స్ఫూర్తి ఏదో అంది. ముద్దముద్దగా వచ్చిన ఆ మాట తల్లికి స్పష్టంగానే తెలిసింది. జారుతున్ననే అమ్మా, ఇది మేడం చెప్పిన కుర్చీ కాదు.

"ఏమంటుంది పిల్ల?" అన్నాడు సేటు ముచ్చటగా.

అందరూ రమాబాయి నోటి వైపే చూస్తున్నారు. ఆగయ్య కూడా.

"మీరు సల్లగుండాలె అంటుంది సేటూ."

చుట్టాలు చప్పట్లు కొట్టారు. సేటు కళ్ళు తుడుచుకున్నాడు. స్ఫూర్తి వాలిన తలను బలవంతాన కొంచెం ఎత్తి, తల్లిని చూసింది. ఆ చూపు ముందు రమాబాయికి నిలబడే నేల లేకపోయింది. దానం పట్టినందుకు కాదు ఈ సిగ్గు. దానాలు పట్టడం ఆమెకు కొత్త కాదు. ఈ లోకంలో ఆ పిల్లకు ఉన్నది ఒకే ఒక్క నోరు, అది తల్లిది. ఆ నోటితోనే ఇప్పుడు ఆ పిల్లను నలుగురిలో అమ్మేసింది.

"నువ్వులూ నీళ్ళూ ధార పోయాలి. పిల్ల చెయ్యి తెరిపించండి" అన్నాడు విఠల్‌రావు పంతులు. "పుచ్చుకున్నాక వెనక్కి చూడకుండా పోవాలి."

"ఈ కుర్చీ మళ్ళ మా గడప దిక్కు తేవద్దు బిడ్డా" అంది వరమ్మ, మెల్లగానే.

స్ఫూర్తి పిడికిలి ఎప్పుడూ బిగిసే ఉంటుంది. ఆగయ్య వేళ్ళు పట్టి లాగాడు, పిల్ల ఏడ్చింది. "నీకు తెలుసు గద, జర నువ్వు తెరువరాదూ" అన్నాడు భార్యతో.

రమాబాయికి తెలుసు. రోజూ స్నానమప్పుడు తెరిచేది ఆమే. మణికట్టు కొంచెం కిందికి వంచి, బొటనవేలి మొదట్లో మెల్లగా నిమిరితే చాలు. గడప కింద మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పిడికిలి చేతిలోకి తీసుకుని నిమిరింది. బొటనవేలు వదులైంది. చూపుడువేలు కదిలింది. నిఖిలేష్ దోసిట్లో నువ్వులు పోసి, పంతులు పైనుంచి నీళ్ళు వంచాడు.

స్ఫూర్తి మళ్ళీ అంది. ఈసారి ఒకే మాట.

"మళ్ళేమంటుంది?" అన్నాడు సేటు. ఇందాకటి దీవెన ఆయనకింకా తీయగానే ఉంది.

రమాబాయి తలెత్తింది. గోడకున్న బడి సంచీ గుర్తొచ్చింది. మొగుడి కూలి గుర్తొచ్చింది.

"వద్దంటుంది సేటూ."

వీడియో తీస్తున్న ఫోను కిందికి దిగింది.

"ఇందాక గూడ దీవెన కాదు. జారిపోతున్న అన్నది. నేనే అబద్ధం చెప్పిన."

"రమా!" అన్నాడు ఆగయ్య.

"ఘడియ దాటిపోతుందమ్మా, చెయ్యి తెరువు" అన్నాడు పంతులు.

ఆమె కూతురి వేళ్ళను ఒక్కొక్కటే మళ్ళీ లోపలికి మడిచింది. ఆ పిడికిలిని తన రెండు చేతుల్లో మూసి పట్టుకుంది. "తెరుచుకోదు అయ్యగారూ" అంది.

నిఖిలేష్ వేళ్ళ సందుల్లోంచి నల్లనువ్వుల నీళ్ళు కారి వాళ్ళ గడప మీదే పడుతున్నాయి. వరమ్మ అయ్యయ్యో అంటూ లేచింది. రమాబాయి కుర్చీ వెనక్కి వెళ్ళి తువ్వాలు విప్పబోయింది. ముడి రాలేదు. గోళ్ళతో గీకినా రాలేదు. అది హమాలీ ముడి, విప్పడం ఆగయ్యకే తెలుసు. అతను సేటునూ తన భార్యనూ మార్చి మార్చి చూస్తూ, ఉన్నచోటే నిలబడ్డాడు.

"జర విప్పయ్యా" అంది రమాబాయి.