దెయ్యపు భాష

భయానక చిత్రాల బ్రిటిష్ దర్శకుడు హెడ్లీ క్రాన్‌షా ఏ చిత్రంలోనూ దెయ్యాన్ని చూపించలేదు. మిల్లు గోడ మీద కెమెరా నిలిపి, యంత్రాల హోరును పొరలుపొరలుగా తొలగించి, అడుగున మిగిలిన గొంతును వినిపించేవాడు. థియేటర్లలో ఆడని ఆ చిత్రాలను కొద్దిమంది ఆరాధించారు. పండితులు గ్రంథాలు రాశారు. ఆయన చివరి చిత్రానికి పరిచయం రాయమని సూరత్ ఫిల్మ్ క్లబ్బు వారు నన్ను అడిగారు.

ఇంట్లో లాప్‌టాప్‌లో చూస్తున్నాను. ధ్వనులను మా సూరత్‌లోనే, పాండేసరలోని ఒక అద్దకం మిల్లులో రికార్డు చేశారట. హోరు పలచబడి ఒక స్త్రీ గొంతు లేచింది.

"ఓ శివకృష్ణ నాయినా! ఇంక అల్కనేనా? డబ్బా తెచ్చిన, రా!"

తెర అడుగున ఇంగ్లిష్ అక్షరాలు: 'అర్థం కాని దెయ్యపు భాష'. 'నాయినా' అన్నది పిశాచం పేరని ఒక పండితుడు నిర్ధారించాడు కూడా!

చప్పున ఆపేశాను. అది మా ఇంట్లో వంట చేసే బాలవ్వ గొంతు; ఆమె అప్పుడు వంటింట్లో చపాతీలు ఒత్తుతోంది.

ఆనాటి సంగతి ఆమే ఒకప్పుడు నాకు చెప్పింది. పొద్దున పోట్లాడి భర్త గంగారాం అన్నం డబ్బా వదిలి మిల్లు పనికి వెళ్లాడు. ఆమె మిల్లు గేటు దగ్గరికి తెచ్చి, భర్త పేరు ఎత్తకూడదని, కొడుకు పేరు పెట్టి 'శివకృష్ణ నాయినా', అంటే శివకృష్ణ తండ్రీ, అని పిలిచింది. జవాబు రాలేదు. డబ్బా కాపలావాడికిచ్చి వచ్చేసింది. కాసేపటికే బాయిలర్ పేలింది. అలకతోనే పోయాడన్నది ఆమెను నేటికీ తొలిచే దుఃఖం.

పిండిచేతులతో బాలవ్వ గుమ్మంలో నిలబడింది.

"గది నా గొంతే గదమ్మా?"

"ఇంగ్లిష్ సినిమా, బాలవ్వా."

"ఇంగ్లిషోళ్లకు గూడ నా కొడుకు ఎరుకేనా? జర పెట్టుండ్రి."

"వద్దు." ఆ పేలుడు కూడా ఇందులో ఉంటే?

"నా గొంతు లోకమంత ఇనొచ్చు, నేను ఇనొద్దా?"

మీట నొక్కాను. మళ్లీ ఆ పిలుపు. తరువాత ఖాళీ గోడ. క్రాన్‌షా మరొక పొర తొలగించాడు. ఎక్కడో లోపలి నుంచి మగగొంతు:

"వస్తున్ననే! గంతగనం మొత్తుకుంటవేందే, మిల్లంత ఇంటున్నరు!"

బాలవ్వ నేల మీద కూర్చుండిపోయింది.

"గులిగిండు," అన్నది. "అలిగితే మాట్లాడడమ్మా ఆయన. గులిగిండంటే అల్క పోయినట్టే. మిషిన్ల సప్పుడుల నాకు ఇనరాలే."

పేలుడు రాకముందే ఆపేశాను.

ఒక స్త్రీ పిలుపును అనుమతి లేకుండా దెయ్యానికి అంటగట్టిన క్రాన్‌షాను నేను క్షమించను. వ్యాసంలో ఆ మాటే రాస్తాను.

"గదొక్కటి మల్ల పెట్టుండ్రి," అన్నది బాలవ్వ, కొంగుతో చేతులు తుడుచుకొంటూ.

వెనక్కి తిప్పి, ధ్వని పెంచాను.