ఎమిలియెన్ జాగా

వాల్మోర్ ఊరివాళ్లు ఏ సంగతైనా చెప్పేస్తారు. మొగుడూ పెళ్లాల గొడవలు చెబుతారు, మూలశంక సంగతి చెబుతారు, పాదిరిగారి చెవిలో చెప్పుకున్న పాపాలు కూడా కాఫీ కొట్టు బల్ల దగ్గర మళ్లీ చెబుతారు. సెప్ పుట్టగొడుగులు ఏ ఓక్ చెట్టు కింద దొరికాయో మాత్రం చచ్చినా చెప్పరు. శరదృతువులో నాలుగు వానలు పడి నేల వెచ్చగా ఉంటే చాలు, ఊరంతా దొంగల ఊరైపోతుంది. తూర్పున చెరువు వైపు పోదలచినవాడు పడమటనున్న రాణి రాయి దగ్గర కారు ఆపుతాడు. అడవిలో పెద్ద చుట్టు తిరిగి, వెనక ఎవరూ రావడం లేదని రూఢి చేసుకున్నాకే తన జాగాకు చేరతాడు. బుట్ట నిండినా పైన ఆకులు కప్పి, "ఏమున్నాయి నా మొహం, అన్నీ నత్తలు తినేశాయి" అంటూ వస్తాడు. ఎదుటివాడు నమ్మడు, నమ్మనట్టు కనబడడు కూడా. అదో మర్యాద.

జాగా అంటే పొలంలాంటిదే, ఆస్తి. కాకపోతే కాగితం ఉండదు. తండ్రి పోయేముందు ఒక్కరి చెవిలోనే చెప్పి పోతాడు. అర్మెల్ వాళ్ల నాన్న మంచాన పడితే రెండేళ్లు ఒంటిచేత్తో చాకిరీ చేసింది అర్మెలే. ఒళ్లు తుడిచింది, పక్క మార్చింది, అన్నం ముద్దలా రొట్టె పాలలో నానబెట్టి నోట్లో పెట్టింది. ఆఖరి రోజున ఆయన కళ్లు తెరిచి, "నువ్వు కాస్త బయటికెళ్లమ్మా, అన్నయ్యతో మాట్లాడాలి" అన్నాడు. ఆ మాటతో ఆమె మలం గిన్నె చేత్తో పట్టుకుని నడవాలో నిలబడింది. లోపల గుసగుసలు వినబడ్డాయి. ఆ పూట ఆమె కడుపు ఎంత మండిందంటే, తండ్రి పోయినందుకు కూడా సరిగా ఏడవలేకపోయింది. నిజం చెప్పాలంటే ఆ మంటలో న్యాయం లేకపోలేదు.

భర్త పోయిన ఏడాది ఆమెకు తెగింపు వచ్చింది. ఓ తెల్లవారుజామున అన్న ఎమిలియెన్ వెనకే దూరందూరంగా నడిచి వెళ్లింది. సన్యాసుల చెరువు దాటి, పాత మఠం వాళ్లు రాళ్లతో కట్టిన గట్టు దిగి, పాతకాలపు తూము గొయ్యి పక్కనుంచి పోతే, రాజుగారి ఓడల కోసం నాటించిన ఓక్ చెట్లు వస్తాయి. రాజులు పోయారు, ఓడలు పోయాయి, చెట్లు మాత్రం ఉన్నాయి. వాటి కిందే, నాచులో, గోధుమరంగు టోపీలు పెట్టుకుని సెప్‌లు. అర్మెల్ చెట్టు చాటున నిలబడి నోరు మూసుకుని ఏడ్చింది.

అప్పటి నుంచీ ప్రతి ఏడూ అన్నకంటే ముందే వెళ్లేది. మొత్తం ఎప్పుడూ కొయ్యలేదు, సగం వదిలేది. సగమైతే దొంగతనం కాదు, వాటా అని తనకు తాను సర్దిచెప్పుకునేది.

ఆదివారం భోజనాల దగ్గర ఎమిలియెన్ శాపనార్థాలు మొదలుపెట్టేవాడు. "ఎవడో దొంగవెధవ నా జాగా కనిపెట్టాడే పిల్లా! వాడి చేతులు పడిపోను!" అరవై దాటిన చెల్లెలు ఆయనకింకా పిల్లే.

"ఏ అడవిపందో అయ్యుంటుంది అన్నయ్యా" అనేది అర్మెల్ బంగాళాదుంపలు వడ్డిస్తూ.

"పంది చాకుతో కోస్తుందటే? ఎంత శుభ్రంగా కోసిందో చూడాలి! మహా శుచిగల పంది."

వదిన ఒదెత్ పడీపడీ నవ్వేది. అర్మెల్ మెడ దాకా ఎర్రబడి వంటింట్లోకి పోయేది.

ఆ అక్టోబరు చివర్లో ఒక మంగళవారం మధ్యాహ్నం ఒదెత్ ఇంటి చెప్పులు కూడా మార్చుకోకుండా అర్మెల్ ఇంటికి పరుగున వచ్చింది. "మీ అన్నయ్య పొద్దున పోయినవాడు భోజనానికి రాలేదే. ఇన్నేళ్లలో భోజనం తప్పినవాడు కాదు. నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు."

"ఎవరితోనైనా కబుర్లలో పడుంటాడు వదినా, వస్తాడులే" అంది అర్మెల్. అన్నదే గాని, తనకే నమ్మకం లేదు. డెబ్భై దాటిన మనిషి, మోకాలు ఒకటి సరిగా లేదు.

కారు రాణి రాయి దగ్గర కనబడింది. మేయర్ ప్రోస్పెర్ వేటగాళ్లను, కుక్కలను పోగేశాడు. కుక్కలు మనిషి వాసన వదిలేసి పంది వాసన పట్టుకుని పోయాయి. చినుకులు కూడా మొదలయ్యాయి. పొద్దు వాలేసరికి అందరూ తడిసి ముద్దై ఒదెత్ వంటింట్లో చేరారు. అర్మెల్ పొయ్యి దగ్గర పెద్ద గిన్నెలో ఉల్లిపాయ సూపు కాస్తోంది.

"కారు రాణి రాయి దగ్గరుందంటే, మనిషి అక్కడ లేడనే కదా అర్థం" అన్నాడు ఒకడు. ఇంకో రోజైతే అందరూ నవ్వేవాళ్లే.

ప్రోస్పెర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "అందరూ వినండి. అడవి ఎంత పెద్దదో నేను చెప్పక్కర్లేదు. రాత్రికి నీళ్లు గడ్డకట్టేంత చలి అంటున్నారు. ఎమిలియెన్ జాగా ఎక్కడో తెలిసినవాళ్లుంటే ఇప్పుడు చెప్పండి. ఇది దాచుకునే సమయం కాదు. ఎలా తెలిసిందని ఎవరూ అడగరు, పూచీ నాది."

అందరి చూపులూ ఒదెత్ మీదికి పోయాయి.

"నన్నేం చూస్తారు? నలభై ఏళ్లు ఒకే మంచం మీద పడుకున్నాను, నాకు చెప్పాడా?" అని ఒదెత్ భోరుమంది. "అడిగితే 'నిద్రలో వాగుతావే నువ్వు' అనేవాడు!"

ప్రోస్పెర్ ఆశ వదిలి, రేపు ఎవరెవరు ఎటు పోవాలో పంచుతున్నాడు. అక్కడ కూడా చూడండి వీళ్ల బుద్ధి! "వాగు వంపు దగ్గర నేను ఒక్కణ్ణే చూసొస్తా, ఇంకెవరూ రానక్కర్లేదు" అన్నాడు ఒకడు. "పాత కొలిమి వైపు నాకు వదిలేయండి" అన్నాడు ఇంకొకడు. ఎవడి జాగా ఎక్కడో ఆ పూట ఇంచుమించు తేలిపోయింది. మనిషి ప్రాణం మీదికొచ్చినా వాళ్ల గోల వాళ్లదే.

అర్మెల్ గరిటె తిప్పుతూనే ఉంది. చెప్పాలి. నోటి దాకా వచ్చింది. చెరువు గట్టు కింద, తూము దగ్గర, అంతే, నాలుగు మాటలు. కానీ తాను చెప్పగానే ఆ తలుపు తెరుచుకుని అన్న లోపలికొస్తే? ఏ పొలం వాళ్లింట్లోనో కాలు చాపుకుని కూర్చుని, మందు పుచ్చుకుని, తూలుకుంటూ వస్తే? అప్పుడు ఈ ఊరంతటి ముందు, ఈ వంటింట్లో, వదిన కళ్లెదుట తానే దొంగ. పూచీ అన్న ప్రోస్పెరే రేపు కాఫీ కొట్టులో కథలు చెబుతాడు. తండ్రి ఇవ్వనిది లాక్కుంది అంటారు. ఇంకో గంట చూద్దాం అనుకుంది. గంటలో రాకపోతే చెబుతాను.

"చెరువు వైపు కూడా ఓ చూపు చూస్తే..." అని మాత్రం అంది, గిన్నెలోకి చూస్తూ.

"ఏ చెరువమ్మా? ఇక్కడ పదహారు చెరువులున్నాయి" అన్నాడు ప్రోస్పెర్ విసుగ్గా. "నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసు. ఊరికే అన్నాను."

అందరికీ సూపు పోసింది. తినేసి ఇళ్లకు పోయారు. గంట గడిచింది, ఆమె చెప్పలేదు. ఇంటికి వచ్చి బట్టలతోనే మంచం మీద కూర్చుంది. కిటికీ అద్దం మీద మంచు పేరుకుంటుంటే చూస్తూ, ఎమిలియెన్ ఇంటికొచ్చేశాడని, వచ్చేశాడని తనకు తాను చెప్పుకుంది.

వెలుతురు రాకముందే బయలుదేరింది. చుట్టు తిరగలేదు, తిన్నగా పోయింది. గడ్డి అంతా తెల్లగా, కాలేస్తే పటపటమంటోంది. చెరువు మీద ఆవిరి లేస్తోంది. గట్టెక్కి, "అన్నయ్యా!" అని పిలిచింది. ఆ చోట ఆమె గొంతెత్తడం అదే మొదటిసారి. ఇన్నేళ్లూ అక్కడ దగ్గు కూడా ఆపుకుంది.

తూము గొయ్యిలోంచి చిన్న మూలుగు వినబడింది.

మఠం వాళ్లు కట్టిన రాతి గొయ్యి అది, అంచుల నిండా నాచు. జారి పడ్డట్టున్నాడు. ఒక కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. నడుము దాకా నీళ్లు. చేతులతో ఒక రాతి మెట్టు పట్టుకుని, పైకి వచ్చే దారి వైపు తల తిప్పి ఉన్నాడు. పెదాలు నల్లబడిపోయాయి.

అర్మెల్ గొయ్యిలోకి దిగి, కోటు తీసి ఆయన భుజాల మీద కప్పింది. పైకి లాగబోయింది. ఆమె బలం ఏం చాలుతుంది? తలను గుండెకు హత్తుకుని గట్టిగా రుద్దింది.

"వచ్చావా" అన్నాడు ఎమిలియెన్. మాట ముద్దగా ఉంది. "నాకెప్పుడో తెలుసే, పిల్లా. నీ కోత నేను ఆనవాలు పట్టలేనా? నేనేమైనా అన్నానా?"

"మాట్లాడకు అన్నయ్యా, మాట్లాడకు. అడవి గార్డును తీసుకొస్తా, పక్కనే ఇల్లు."

"నీకొక్కదానికే తెలుసని... పడ్డప్పుడు ఫరవాలేదులే అనుకున్నా. నిన్న సాయంత్రమే వస్తావనుకున్నా."

ఆమె గట్టెక్కి పరుగెత్తింది. పడింది, లేచింది, మోకాళ్లు చీరుకుపోయాయి. గార్డు నిద్రకళ్లతో తలుపు తీశాడు, ఫోన్ చేశాడు, తాడూ దుప్పట్లూ పట్టుకుని ఆమెతో పరుగెత్తాడు. వాళ్లు వచ్చేసరికి ఎమిలియెన్ చేతులు మెట్టును పట్టుకునే ఉన్నాయి. వాటిని ఒక్కొక్క వేలుగా విడదీయాల్సి వచ్చింది.

కాసేపటికి ఊరంతా గట్టు మీదికి చేరింది. డాక్టరు వచ్చాడు, చూశాడు, తల అడ్డంగా ఊపాడు. తెల్లవారుజాము దాకా బతికే ఉన్నాడట, రాత్రే తీసివుంటే కాలు పోయినా మనిషి దక్కేవాడట. డాక్టర్లకు ఇలాంటప్పుడు నోరు మూసుకుని ఊరుకోవడం ఎందుకు రాదో తెలియదు.

ప్రోస్పెర్ అర్మెల్ భుజం మీద చెయ్యి వేశాడు. "మేమింతమంది కుక్కలతో తిరిగాం. ఈవిడ చీకట్లో ఒక్కతే లేచి తిన్నగా ఇక్కడికే వచ్చింది. రక్తసంబంధమంటే ఇదీ" అన్నాడు అందరికీ వినబడేలా. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అవునవును, తోడబుట్టిన పేగు పిలిచింది అన్నారు. ఎలా తెలిసిందని ఒక్కరూ అడగలేదు. మాట నిలబెట్టుకున్నారు పాపం.

ఒదెత్ స్ట్రెచర్ పక్క నేల మీద కూలబడి ఉంది. మొగుడి జుట్టులో చిక్కుకున్న ఆకులు తీస్తోంది. అన్నీ తీశాక తలెత్తి అర్మెల్ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు వచ్చేసరికి ప్రాణం ఉంది కదూ? మాట్లాడాడా? ఏమైనా అన్నాడా? నా గురించి ఏమైనా అన్నాడా?"

అర్మెల్ చుట్టూ చూసింది. ఎంత తేలిక! 'ఒదెత్‌ను చూసుకో అన్నాడు' అంటే చాలు. ఈవిడకు బతికినంత కాలం ఊరట, తనకు బతికినంత కాలం మర్యాద. ఊరంతా అదే వినాలని ఎదురుచూస్తోంది. కానీ ఆ మాట అంటే అన్న నోట్లోంచి ఆఖరి మాట కూడా తాను దొంగిలించినట్టు. అది ఆమెవల్ల కాలేదు.

"అన్నాడు వదినా" అంది. "నా గురించి అన్నాడు. నాకీ చోటు తెలుసని ఆయనకు తెలుసట, ఎప్పటినుంచో. 'నిన్న సాయంత్రమే వస్తావనుకున్నా పిల్లా' అన్నాడు."

ఒదెత్‌కు మొదట అర్థం కాలేదు. ముందు నవ్వబోయినట్టు పెదవి కదిలింది కూడా. తర్వాత అర్మెల్ చెయ్యి వదలకుండానే, చిన్నపిల్ల లెక్క తప్పితే అడిగినట్టు, మెల్లగా అడిగింది.

"నిన్న సాయంత్రమా? నిన్న సాయంత్రం నువ్వు నా పొయ్యి దగ్గరే ఉన్నావు కదే, అర్మెల్."