అతుకు కింది వాక్యం

గ్రంథాలయం రెండో అంతస్తులో, కిటికీకి ఎదురుగా పొడుగాటి బల్ల ఉన్న గది ఆమెది. చిరిగిన పుస్తకాలు ఆ మెట్లెక్కి వస్తాయి, బాగుపడి దిగిపోతాయి. ఆమె అసలు పేరు హాజరుపట్టీలో భద్రంగా ఉంది కానీ ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ ఆమె అతుకులమ్మ. మొదట్లో కోపం వచ్చేది. చేసేది అతుకులు వేసే పనే అయినప్పుడు ఎవరితో పోట్లాడుతుంది?

ఆ వారం బల్ల మీదికి చేతిరాత ఖురాన్ ఒకటి వచ్చింది. ఎవరో దానం చేశారు. వందేళ్ళ పైమాటే దాని వయసు. చెమ్మ పట్టి అట్ట ఉబ్బిపోయింది. మధ్యలో ఒక పేజీలో, ఒకటిన్నర వరుస మీద, సన్నటి కాగితం ముక్క అతికించి ఉంది. ముక్క మీది రాత వేరే చేతిది. జిగురు వదిలి ఒక మూల పైకి లేచింది.

లేచిన మూలను చూసి ఊరుకునే మనిషైతే ఆమె ఈ పనిలోకే వచ్చేది కాదు. తడి బ్లాటింగ్ పేపరు దాని మీద పెట్టి, పావుగంట ఆగి, పలచటి చాకుతో ముక్కను మెల్లగా ఎత్తింది. కింద మరో వాక్యం ఉంది.

చిన్నప్పుడు తాతయ్య దగ్గర అరబీ చదవడం నేర్చుకుంది, అర్థం కూడా కొద్దో గొప్పో తెలుసు. అది మూసా ప్రవక్త కథ. ఈజిప్టు రాజు ఫిరౌన్ కొలువులో ఆయన చేతికర్ర పడేస్తే అది పామయింది, చెయ్యి బయటికి తీస్తే తెల్లగా మెరిసింది. అప్పుడు ఫిరౌన్ సర్దార్లు ‘వీడు ఆరితేరిన మాంత్రికుడు’ అన్నారు. అచ్చు ఖురాన్‌లో అలాగే ఉంది, ముక్క మీదా అలాగే ఉంది. కానీ ముక్క కింద, ఆ మాట సర్దార్లు అనడం లేదు. ఫిరౌనే సర్దార్లతో అంటున్నాడు.

ఆమె రెండు వాక్యాలనూ మళ్ళీ ఒకసారి పోల్చి చూసింది. అయిదు పూటలా నమాజులో చదివే గ్రంథం. తాతయ్య మొత్తం కంఠస్థం చేసిన హాఫిజ్, ఆయన బతుకంతా దాన్ని చదవడంలో, చదివించడంలో గడిచింది. పద్దెనిమిదేళ్ళప్పుడు ఒకసారి ఆయన్ని అడిగింది, “ఒక్క అక్షరం కూడా మారలేదంటారే, మనకెలా తెలుసు?” అని. “అలాంటివి అడక్కూడదు,” అని ఆయన కళ్ళెర్రజేశాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ ప్రశ్న ఆమెను చెప్పులో రాయిలా సతాయిస్తూనే ఉంది. చదివే పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయని, పాత ప్రతుల గురించి పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారని తర్వాత చదివి తెలుసుకుంది. కానీ పుస్తకాల్లో చదవడం వేరు, తన బల్ల మీద చూడటం వేరు.

సూపరింటెండెంటుకి చూపించింది. ఆయనకి అరబీ ఒక్క ముక్క రాదు, భయపడటానికి మాత్రం ఏ భాషా అక్కర్లేదు.

“ఎందుకొచ్చిన గొడవమ్మా! ఎలా ఉన్నదాన్ని అలా అతికించెయ్యండి. గట్టిగా. రేపు పొద్దున్న పది గంటలకి నా బల్ల మీదుండాలి.”

“కింద ఏముందో కనీసం రాసిపెడదాం సార్.”

“మీరు చూశారు, నేను చూశాను. మూడో మనిషి చూడక్కర్లేదు.”

ఆమె ఆ పేజీ ఫోటో తీసుకుని ఇంటికి బయల్దేరింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. ఎనభై రెండేళ్ళ మనిషికి ఇది చూపిస్తే తట్టుకుంటాడా? చూపించకుండా తను తట్టుకోగలదా?

రెండోదే గెలిచింది. తాతయ్య వరండాలో కుర్చీలో ఉన్నాడు. లోపల వంటింట్లో నానమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది. ఆవిడకి ఏ భాషలోనూ అక్షరం రాదు. అతుకులమ్మ ఫోటో ఆయన చేతికిచ్చింది.

ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి, కిందికి లాగి, ఫోటోని ముక్కు దాకా తెచ్చుకున్నాడు. తర్వాత ఫక్కున నవ్వాడు.

“ఇది రాసినవాడు కచ్చితంగా హాఫిజే!”

“అదెలా చెప్తారు?”

“చూసి రాసేవాడైతే ఒక వరస ఎగరగొడతాడు, లేదా ఉన్నదే రెండుసార్లు రాస్తాడు. వీడు అలా కాదు. ఈ కర్రా, పామూ, తెల్లటి చెయ్యీ ఖురాన్‌లో రెండు సూరాల్లో ఒకే మాటల్లో వస్తాయి. అక్కడిదాకా రెండూ ఒకటే దారి. ఆ తర్వాత ఒకచోట సర్దార్లు మాట్లాడతారు, ఇంకోచోట ఫిరౌన్. వీడు చూడకుండా రాసుకుంటూ పోయి పక్క సందులోకి తిరిగాడు. ఎవడో పట్టుకుని కాగితం వేశాడు. కంఠస్థం వచ్చినవాడికి తప్ప ఈ తప్పు చెయ్యడం చేతకాదు!”

ఆమెకు బరువు దిగినట్టయింది. దిగీ దిగకముందే ఇంకో సందేహం ఎక్కి కూర్చుంది.

“ఇంతకీ ఆ మాట అన్నదెవరు తాతయ్యా? రాజా, సర్దార్లా?”

“రాజు ఒక మాటంటే కొలువు మొత్తం అదే మాట అనదూ? మీ ఆఫీసులో చూళ్ళేదా?”

సూపరింటెండెంటు గుర్తొచ్చి ఆమెకూ నవ్వొచ్చింది. తాతయ్య హుషారులో ఉన్నాడు. “నమాజు చదివించేటప్పుడు నేనూ ఎన్నిసార్లు ఇలా తప్పానో! వెనక వరసలోంచి ఎవరో ఒకరు సరైన మాట అందిస్తారు. లుక్మా అంటాం దాన్ని. అందుకుని ముందుకెళ్ళిపోవడమే. అందులో నామోషీ లేదు.”

“వెనక వరసలో వాళ్ళకి ఎవరికీ తెలియకపోతే? లేదా, తెలిసీ ఊరుకుంటే?”

తాతయ్య నవ్వు ఆగింది. ఈసారి కళ్ళెర్రజేయలేదు.

“తెలీదమ్మా,” అన్నాడు. “నేనూ మా ఉస్తాద్‌ని అదే అడిగాను. ఆయన నన్ను కసిరాడు, నేను నిన్ను కసిరాను. సరే, ఆ అచ్చు ఖురాన్ పట్టుకో. ఆ పేజీ మొత్తం చదువుతాను, రెండు దారులూ ఎక్కడ విడిపోతాయో నీకే తెలుస్తుంది.”

కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. ఆ గొంతులో వయసు ఉంది కానీ తడబాటు లేదు. ఆమె వేలు వరస వెంట నడిచింది. కర్ర, పాము, తెల్లటి చెయ్యి. సర్దార్లు మాట్లాడాల్సిన చోటికి వచ్చింది. తాతయ్య నోట ఫిరౌన్ మాట్లాడాడు.

ఆమె వేలు ఆగిపోయింది. ఇందాక చూసిన ఫోటో ప్రభావమో, వయసు ప్రభావమో, ఆయన కూడా అదే పక్క సందులోకి తిరిగాడు. తిరిగినట్టు ఆయనకు తెలియలేదు, ధీమాగా సాగిపోతున్నాడు. ఆమె నోరు తెరిచింది. ఆ మూసిన కళ్ళు, ఆ ప్రశాంతమైన ముఖం చూసి మళ్ళీ మూసేసింది. ఆయన్ని బాధపెట్టడం ఆమె వల్ల కాలేదు.

వంటింట్లోంచి చిక్కుడుకాయల చప్పుడు ఆగింది. నానమ్మ గొంతు గట్టిగా, ఒక్క వాక్యం చదివింది. సర్దార్ల వాక్యం. అరవై ఏళ్ళుగా గోడ అవతలి నుంచి విన్న వాక్యం.

తాతయ్య ఆగాడు. వెనక్కి వచ్చి, ఆ మాట అందుకుని, వాక్యం ముగించాడు. కళ్ళు తెరిచి మనవరాలి ఒళ్ళోని పుస్తకం వైపు చూశాడు.

“పుస్తకం ఎవరి చేతిలో ఉంది?”

“నా చేతిలోనే.”

“తప్పు చూశావా?”

“చూశాను.”

“మరి?”

“మీ అంతటి మనిషిని పట్టుకుని తప్పు అని ఎలా అంటాను తాతయ్యా? గౌరవం ఉండదూ?”

ఆయన ముఖంలో నొప్పి కనబడింది. అది తప్పినందుకు కాదు.

“అక్షరం మారితే గీరితే అలాగే మారుతుంది తల్లీ,” అన్నాడు మెల్లగా. “శత్రువుల వల్ల కాదు. ఇలాంటి గౌరవం వల్లే.”

లోపల చిక్కుడుకాయల చప్పుడు మళ్ళీ మొదలైంది. అతుకులమ్మకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గులోనే ఎందుకో ధైర్యం కూడా వచ్చింది.

మర్నాడు పదింటికి పుస్తకం సూపరింటెండెంటు బల్ల మీద ఉంది. ఆయన ఆ పేజీ తెరిచి వేలితో తాకాడు. కాగితం ముక్క కిటికీ రెక్కలా లేచింది. కింది వాక్యం బయటపడింది. పక్కనే వేరే కాగితం మీద, ఆ వాక్యం ఏమిటో, ఏ సూరాలోదో, ఎలా తప్పి వచ్చిందో ఆమె దస్తూరీలో రాసి ఉంది.

“గట్టిగా అతికించమన్నాను కదమ్మా?”

“గట్టిగానే అతికించాను సార్,” అంది అతుకులమ్మ. “ఒక అంచుకి.”