దుప్పటి మీద మనిషి

భిలాయి ఉక్కునగరంలో ఓ సెక్టారు మైదానంలో నెలకో సినిమా వేసేవారు. తెరకి గుడ్డ గున్నమ్మ ఇచ్చేది, తన పెళ్ళినాటి పెద్ద తెల్ల దుప్పటి. ప్లాంటు గేటు దగ్గర కేంటీన్లో పనిచేసే గున్నమ్మకి, మొగుడు పోయాక అంత వెడల్పు దుప్పటితో పని లేకపోయింది.

డెబ్బై తొమ్మిదిలో ఎవరో కళాత్మక చిత్రమంటూ హిందీది ఒకటి పట్టుకొచ్చారు. పాటల్లేవు, ఫైటింగుల్లేవు. గదిలో ఒంటరి మనిషి రెండు కప్పుల్లో టీ పోసి, "వో కల్ ఆయేగీ" అంటూ కూచుంటాడు. ఆ వచ్చేదెవరో, అసలు అలాంటి మనిషి ఉందో లేదో చివరిదాకా తేలదు. జనం సగంలోనే లేచిపోయారు. మిషను ఆపేశాక కూడా లేవనిది తెర మీది ఆ మనిషొక్కడే. దుప్పటి మీద అలాగే ఉండిపోయాడు.

"ఎక్కడికెల్తాడు పాపం, ఉండనియ్యండి," అని గున్నమ్మ దుప్పటి మడిచి ఇంటికి తెచ్చింది. ఉతికి ఆరేస్తే పక్కింటివాళ్ళు చూసి, "నీలిమందు ఎక్కువేసినావేటి, మొగం పాలిపోనాది?" అన్నారు, అంతే.

దుప్పటిని గోడకి కట్టి, డ్యూటీ నుంచి రాగానే ఎదురుగా కూచునేది. అతను మళ్ళీ మళ్ళీ అనే 'కల్' హిందీ సరిగా రాని ఆవిడ చెవికి 'కల' అని వినపడింది. కలలోకి వస్తుందట! తన మొగుడూ కలలోకే వస్తాడు. అందుకే ఆ మనిషంటే ఎక్కడలేని ఆపేక్ష పుట్టింది. తనూ రెండు గ్లాసుల్లో టీ పొయ్యడం మొదలుపెట్టింది.

ఆ పక్కనే చరోదా రైల్వే యార్డులో పనిచేసే ధర్మారావుకీ భార్య పోయింది. మారుమనువు చేసుకుందామని గున్నమ్మని అడిగి ఏడాది దాటింది. ఇష్టం లేక కాదు, భయంతో ఆవిడ ప్రతిసారీ "రేపు చెప్తాను" అనేది. ఇప్పుడతనికి వాల్తేరు బదిలీ అయింది. ఓ మధ్యాహ్నం ట్రంకుపెట్టెతో వచ్చాడు.

"సాయంత్రం దుర్గ్‌లో బండి, గున్నమ్మా. చెప్పీసి ఎల్దామని వచ్చినాను."

పోసి ఉన్న రెండో గ్లాసు చూసి, "నాకేనేటి?" అన్నాడు.

"కాదు, అది మా ఆయనది."

ధర్మారావు తల దించుకున్నాడు. గోడ మీంచి "వో కల్ ఆయేగీ" అని వినపడింది.

"ఈయనకీ కల్లోకే వస్తాదట, పాపం," అంది గున్నమ్మ దుప్పటికేసి చూపిస్తూ.

"కల కాదే. హిందీలో కల్ అంటే రేపు. నిన్ననీ కల్ అనే అంటారు."

"రెండూ ఒకటేనా? మరీయన ఏ రోజు కోసం కూకున్నట్టు?"

"ఆయనకే తెల్దేమో."

గున్నమ్మ దుప్పటి దగ్గరికెళ్ళి వింతగా చూసింది. ఆ మనిషి ముందున్న రెండో కప్పులో టీ తొరక కట్టింది. వెనక్కి తిరిగితే తన రెండో గ్లాసులోనూ తొరకే.

"మరి నీ మాటేటి?" అన్నాడు ధర్మారావు, పెట్టె అందుకుంటూ.

అలవాటుకొద్దీ "రే..." అని ఆగిపోయింది. మొదటిసారి ఆ మాట మీద ఆవిడకి అసహ్యం పుట్టింది.

"ఈయేళే. ఉండు, సీర మార్చుకొస్తాను."

"పాసు ఒక్కరికే ఉంది!"

"అయితే నాకో టిక్కెట్టు కొను."

గోడ మీద కుర్చీ కిర్రుమంది. ఆ మనిషి లేచి, చొక్కా సర్దుకుని, తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

దుప్పటి వాళ్ళతోపాటే వాల్తేరు వెళ్ళింది. ఎన్నిసార్లు ఉతికినా దాని మీద ఆ తెరిచిన తలుపు చెరగలేదు. ఇద్దరూ దాన్నే పరుచుకుని పడుకునేవారు.