మా బిడ్డ ఎవరి మనిషి?

అలియాబాద్‌లో నగేష్ ఇంట్లో ఆ ఉదయం ఛాయ్ రెండుసార్లు పెట్టాల్సి వచ్చింది. మొదటిసారి ఇంటివాళ్ళకు. రెండోసారి, నగేష్ వీధి చివరిదాకా పోయి వెంటబెట్టుకొచ్చిన వాళ్ళకు.

"నా బిడ్డ కన్సల్టెంట్ అయితాంది," అన్నాడు అతను, అరుగు మీద అందరికీ వినబడేలా.

"కన్సల్టెంట్ అంటే ఏం జేస్తరన్నా?" పక్కింటి బాలేష్ అడిగాడు.

నగేష్‌కు నిజంగా తెలియదు. అయినా తడుముకోలేదు. "సలహాలిస్తరు. గా సలహాలకు పైసలిస్తరు."

"మా అమ్మ పొద్దుందాక ఇస్తనే ఉంటది గదనే, ఒక్క రూపాయి ఇచ్చినోడు లేడు!"

అరుగంతా నవ్వింది. లోపలినుంచి నగేష్ భార్య వినోద గొంతు వచ్చింది. "ఇంటర్వ్యూ గూడ కాలే. గప్పుడే డప్పు గొట్టుడేంది? దిష్టి తగుల్తది."

వాళ్ళ కూతురు సుస్మిత సోషల్ వర్క్‌లో ఎమ్మే చదివింది. నాలా పొంగి ఇళ్ళలోకి నీళ్ళొచ్చిన జీడిమెట్ల బస్తీల్లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసిన అనుభవం ఉంది. షామీర్‌పేట దాటి లోపలికి పోతే ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. సముద్రతీరం ఊళ్ళు తుఫాన్లనూ ఉప్పునీళ్ళనూ తట్టుకుని ఎట్లా నిలబడాలో తెలుసుకునే ప్రాజెక్టు ఒకటి వాళ్ళకు వచ్చింది. దానికి కన్సల్టెంట్లు కావాలన్నారు. సుస్మితకు పిలుపు వచ్చింది.

"షామీర్‌పేట్ల సముద్రం ఏడికెళ్ళి వచ్చిందే? ఉన్నది చెరువు గాదా?" అంది వినోద.

"ఆఫీసు ఈడ, సముద్రం ఆడ అమ్మా. నెలల సగం దినాలు ఆడనే ఉండాలె."

"పడవల గూడ పోవాల్నా?"

"ఎప్పుడన్న ఒకసారి. ఏరు దాటితే అవతల గూడ ఊర్లుంటయట."

వినోద వంటింట్లోకి పోయింది. పొయ్యి మీద పోపు మాడి ఇల్లంతా కమురు వాసన వచ్చేదాకా అట్లాగే నిలబడిపోయింది.

తల్లి మనసు ఎట్లాంటిదో తల్లులకు వేరే చెప్పక్కర్లేదు. బిడ్డ గడప దాటకముందే ఆ మనసు ఆసుపత్రి దాకా పోయి వస్తుంది. వినోద ఏడో తరగతితో చదువు ఆపేసి, మిషన్ కుట్టుకుంటూ ఇల్లు నడిపిన మనిషి. ఆమె ఊహలో పడవ అప్పటికే ఎన్నోసార్లు తిరగబడింది. కానీ విచిత్రమేమిటంటే, ఆ భయంతో పాటే ఆమెలో ఒక ఆరా కూడా మొదలైంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వస్తే ఇన్నాళ్ళూ ఛానెల్ మార్చే మనిషి, ఇప్పుడు సౌండు పెంచి వింటోంది.

ఆ వారంలోనే పార్వతీదేవి జాకెట్టు కొలతలకు వచ్చింది. చౌరస్తా అవతల కొత్త కాలనీలో ఉంటారు వాళ్ళు. భర్త రాజారావు బ్యాంకు ఉద్యోగి. సొంతూరు కోస్తాలో, సముద్రం కనబడేంత దగ్గర. వినోదకు దేవుడు పంపినట్టే అయింది. టేపు చేతిలో పట్టుకుని, కొలతలు తీస్తూనే ప్రశ్నలు మొదలుపెట్టింది.

"మేడం, చెరువు పొద్దుమీకితే సప్పుడు బందు జేస్తది. సముద్రం అట్ల ఊకుంటదా?"

"అదెక్కడ ఊరుకుంటుంది వినోదా! తెల్లార్లూ హోరే. మాకు ఆ హోరుకే నిద్ర పట్టేది. ఇక్కడికొచ్చిన కొత్తలో అది లేక నాకు నిద్రే లేదు తెలుసా?"

"నీళ్ళు ఇంట్లకు వస్తయా?"

"వస్తాయి. ముందు చెప్పే వస్తాయనుకో. ఆ చెప్పింది మనం వినాలి."

"మరి మీ ఊర్ల ఆడోళ్ళు మొగోళ్ళను నీళ్ళ మీదికి ఎట్ల పంపిస్తరు? గుండె ఆగుతదా?"

పార్వతీదేవి తల ఊపింది. "భయం ఉంటుందమ్మా. భయం లేదనే వాళ్ళెవరూ నాకు కనబళ్ళేదు. కానీ మా పక్క వీధి జాలరి ఆడవాళ్ళకి ఒక పద్ధతుండేది. మగాడు కొత్తగా వేటకి కుదిరాడంటే మొట్టమొదట అడిగే మాట, 'ఎవరి బోటు?' అని. ఎంత పడుతుంది, ఎన్నాళ్ళకొస్తాడు, అవన్నీ తర్వాత. బోటు ఎవరిదో తేలేవరకూ అన్నం మూట కట్టేవాళ్ళు కాదు."

"ఎందుకట్ల?"

"ఏదైనా అయిన రోజున ఎవరి గుమ్మం ముందు నిలబడాలో తెలియాలి కదా."

వినోద చేతిలో టేపు అట్లాగే ఆగిపోయింది. ఆ రోజు ఆ జాకెట్టు కొలతలు రెండోసారి తీయాల్సి వచ్చింది.

ఆమె ఎందుకంత ఉలిక్కిపడిందో చెప్పాలంటే నగేష్ సంగతి చెప్పాలి. అతను జీడిమెట్లలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. జేబు మీద కంపెనీ పేరున్న నీలం అంగీ ఇచ్చారు. అది వేసుకుని పెళ్ళిళ్ళకు కూడా పోయేవాడు. తాను ఆ కంపెనీ మనిషినని అతని నమ్మకం. ఒకరోజు డ్రమ్ము మూత ఊడి యాసిడ్ చిమ్మి ఎడమచేయి కాలింది. గేటు దగ్గర వినోద నిలబడితే, "ఇతను మా మనిషి కాదమ్మా, కాంట్రాక్టర్ మనిషి" అన్నారు. కాంట్రాక్టర్ దగ్గరికి పోతే, "దెబ్బ తాకింది ఫ్యాక్టరీల, నన్నెందుకు అడుగుతున్నవ్?" అన్నాడు. ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి చేయి ఎట్లాగో మానింది. రెండు వేళ్ళు మాత్రం మళ్ళీ వంగలేదు.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర వినోద కూతుర్ని అడిగింది. "ఆడ నువ్వు ఎవరి మనిషివి?"

"యూనివర్సిటీ మనిషినే. ఇంకెవరి మనిషిని?"

"వాళ్ళన్నరా? నువ్వే అనుకుంటున్నవా?"

సుస్మిత నోటిదాకా తెచ్చిన ముద్ద ఆగింది. ఆ మాట తాను ఎవరినీ అడగలేదని ఆమెకు అప్పుడే తట్టింది.

నగేష్ కసురుకున్నాడు. "నీకు అన్నిట్ల పరేషానే. ఇచ్చేటోన్ని సవాల్లడిగితే ఇస్తడా? వాళ్ళు ప్రొఫెసర్లు, జీడిమెట్ల కాంట్రాక్టర్లు గాదు. జర నోరు మూసుకో, నోటికాడి బుక్క పోగొడుతవ్."

నగేష్ ఒక్కడిదే కాదు ఆ మాట. మనందరి ఇళ్ళలో వినబడేదే. వంకాయలు కొనేటప్పుడు ఒక్కొక్కటీ తిప్పి పుచ్చు చూస్తాం. సంబంధం వస్తే ఏడు తరాల ముచ్చట ఆరా తీస్తాం. కానీ పిల్లలకు పని దొరికిందంటే చాలు, ఏ షరతు మీద, ఎవరి పూచీ మీద అని ఒక్క మాట అడగకుండా తల వంచి సంతకం పెట్టిస్తాం. పైగా అడగకపోవడమే మర్యాద అనుకుంటాం. పని పేరు ఇంగ్లీషులో ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

ఇంటర్వ్యూ రోజున వినోద కూడా వెంట పోయింది. వద్దంటే వినలేదు. వరండాలో బెంచీ మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన దీక్షిత్ అనే కుర్రాడు కూర్చుని ఉన్నాడు. అతని ఇంటర్వ్యూ అయిపోయింది, ఎంపిక కూడా అయ్యాడు. "లోపల భయపెడ్తరా బాబూ?" అని అడిగింది. "లేదాంటీ, చివర్లో 'మీరేమైనా అడుగుతారా' అంటారు. 'నో సార్' అనాలి. అంతే," అన్నాడు నవ్వుతూ.

సుస్మిత బయటికి వచ్చేటప్పటికి ముఖం వెలుగుతోంది. ఎంపికైంది. ఆఫీసులో పద్మలత అనే ఉద్యోగిని కాగితాలు ముందు పెట్టి, ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో చూపించింది.

"అడిగినవా?" వినోద చెవిలో గొణిగింది.

"లేదమ్మా. నోరు రాలే. సార్లందరు అట్ల చూస్తుంటే నేను గూడ 'నో సార్' అన్న."

కలం సుస్మిత చేతిలోనే ఉంది. కాగితం మీద పడలేదు. అది చూసి వినోదకు ఇంకో భయం పట్టుకుంది. వచ్చిన కొలువు కళ్ళముందే జారిపోతుందేమో! కూతురి చున్నీ పట్టి లాగింది. "వద్దు తియ్యి బిడ్డా. పెట్టేసేయ్. మీ బాపు నన్ను సంపుతడు."

సుస్మిత తల ఎత్తింది. "మేడం, ఒక్క మాట. ఆడ పడవల పోతున్నప్పుడో, తుఫానులనో నాకేదన్న అయితే బాధ్యత ఎవరిది?"

పద్మలత ఆ మాటకు నవ్వింది, కానీ వెక్కిరింపుగా కాదు. "కన్సల్టెంటంటే బయటి మనిషే సుస్మితా. యూనివర్సిటీ మనిషి కింద లెక్క రాదు. బీమా గీమా ఏం ఉండవు. అందరికీ గింతే. నాకూ గింతే. ఇన్నేండ్ల సంది ఈ కుర్సీల కూసుంటున్న, నేను గూడ కాంట్రాక్టే."

అప్పుడే ప్రాజెక్టు పెద్ద, ప్రొఫెసర్ భాస్కర్, గదిలోంచి వస్తూ ఆ మాటలు విన్నాడు. "ఏమిటి సంగతి?" అన్నాడు. సుస్మిత మళ్ళీ అడిగింది. 

ఆయన విసుక్కుంటాడేమో అనుకుంది వినోద. ఆయన మాత్రం ఎవరో కొత్త లెక్క ఇచ్చినట్టు ఆలోచనలో పడి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేం తీరంలో వాళ్ళని అడగబోయే మొదటి ప్రశ్న అదేనమ్మా. 'ప్రమాదం జరిగితే మీకు పూచీ ఎవరు?' అని. ఊరూరా తిరిగి అడగడానికి మిమ్మల్ని పంపుతున్నాం. మిమ్మల్ని మాత్రం అడగలేదు. నాకు కూడా జవాబు తెలీదు." ఆ వెంటనే ఉన్నమాట కూడా చెప్పాడు. "కనుక్కుంటాను. కానీ సంతకం ఇవాళ పెట్టకపోతే ఈ జాగా మీకే ఉంటుందని మాట ఇవ్వలేను. అది నా ఒక్కడి చేతిలో లేదు."

సుస్మిత కలం కింద పెట్టింది. "తెలిసినంకనే పెడత సార్."

తిరుగు ఆటోలో వినోద ఏడుపు ఆపుకోలేకపోయింది. "నేనే నీ కొలువు పోగొట్టిన బిడ్డా."

"నువ్వు వద్దనే అన్నవ్ గదనే. అడిగింది నేను," అంది సుస్మిత. ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

నగేష్ భార్యతో మాట్లాడటం మానేశాడు. అరుగు మీద కూర్చోవడమూ మానేశాడు. కూర్చున్న ఒకనాడు బాలేష్ ఊరుకోలేదు. "ఏందన్నా, సముద్రం ఎండిపాయెనా?" అన్నాడు. నగేష్ లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఎంపికైన మిగతావాళ్ళకు మెడలో కార్డులు కూడా వచ్చాయని తెలిసింది. వినోద మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయి, ఒక్క క్షణం తాను నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించేది. కానీ మరుక్షణం గేటు ముందు నిలబడ్డ రోజు గుర్తుకొచ్చి, మళ్ళీ పెడల్ తొక్కేది.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం పద్మలత ఫోన్ చేసింది. "సుస్మితా, జల్దీ రా. సారు అందర్ని పిలుస్తుండు. అమ్మను గూడ తీసుకరా."

పోయేసరికి గదిలో కన్సల్టెంట్లందరూ ఉన్నారు. భాస్కర్ నిలబడి చెప్పాడు.

"సుస్మిత ఒక ప్రశ్న అడిగి వెళ్ళింది. దాన్ని పట్టుకుని నేను పెద్దలందరి గదులూ తిరిగాను. తీరానికి పోయే ప్రతి ఒక్కరికీ మొదటి రోజు నుంచే బీమా ఉంటుంది. అక్కడ ఏం జరిగినా బాధ్యత యూనివర్సిటీదే అని రాసిస్తారు. హెచ్చరిక ఉన్న రోజున పడవెక్కనని మీలో ఎవరైనా అంటే, ఎక్కమనే హక్కు నాకు కూడా లేదు. పీఎఫ్ అడిగాను, ఒప్పుకోలేదు. అది ఇంకా అడుగుతూనే ఉండాలి. తీరం వాళ్ళను కాపాడటం గురించి పుస్తకాలు రాసేముందు, మన వాళ్ళను గాలికి వదలకూడదని నాకు ఈ అమ్మాయి గుర్తుచేసింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దీక్షిత్ మాత్రం తల గోక్కుంటూ అన్నాడు. "నాకు కూడా అడగాలనే ఉండె అక్కా. పోతుందేమోనని ఆగిపోయా."

"ఆఫీసులో ఉండేవాళ్ళ సంగతేంది సార్?" అంది పద్మలత. అన్నాక తనే ఆశ్చర్యపోయినట్టు చుట్టూ చూసింది. అంతవరకూ ఆ గదిలో ఆమె గొంతు ఎవరూ వినలేదు.

"తేలలేదమ్మా," అన్నాడు భాస్కర్.

"అయితే నేను గూడ అడుగుత," అంది ఆమె.

సుస్మిత జాగా ఇంకా ఎవరికీ ఇవ్వలేదు; రాసిచ్చింది చదువుకుని ఆమె సంతకం పెట్టింది.

బయల్దేరే రోజు అలియాబాద్ చౌరస్తాలో బస్సు కోసం ముగ్గురూ నిలబడ్డారు. వినోదకు భయం ఏమీ తగ్గలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి? "లైఫ్ జాకెట్ గట్టిగ కట్టుకుంటవా? తాగే నీళ్ళు ఉప్పగుంటయా? పొద్దుమీకినంక ఒడ్డు మీద నడువకు," అని ఊపిరి తీసుకోకుండా చెబుతూనే ఉంది. సుస్మిత అన్నిటికీ ఓపిగ్గా జవాబిస్తోంది.

నగేష్ ఆనాటినుంచీ ఇద్దరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. బస్సు దూరంగా కనబడగానే కూతురి సంచీ తన మంచి చేతిలోకి తీసుకున్నాడు. "నేను చేయి కాలినంక అడిగిన బిడ్డా," అన్నాడు. "కాలకముందే అడగాల్నని నాకెవరు జెప్పలే."

బస్సు కదిలింది. వినోద అది కనబడినంత దూరం చూసింది. ఆ భయం అట్లాగే ఉంది. అయినా బిడ్డను ఆపాలని మాత్రం ఆమెకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

పనికి పంపే ముందు 'మా బిడ్డకు పూచీ ఎవరు?' అని అడగడం అమర్యాద కాదు, అత్యాశ కాదు. అది కూలికి పోయేవాడికైనా, కన్సల్టెంట్‌గా పోయేదానికైనా ఒకటే హక్కు, దాన్ని మన పిల్లలకు మొదటి జీతం కన్నా ముందే మనం నేర్పాలి.