ఎనభై దాటితే వణుకు

మా ఇంట్లో నాకు అనుమానప్పక్షి అని పేరు. పెట్టుకోనివ్వండి. నేను మెకానిక్‌ని. బండి తెచ్చినవాళ్ళు చెప్పేది నమ్మకపోవడంతోనే నా పని మొదలవుతుంది. "బ్రేకు పట్టడం లేదమ్మా" అన్నవాడి బండిలో బ్రేకు భేషుగ్గా ఉంటుంది, టైరు మాత్రం బోడిగుండులా ఉంటుంది. వాళ్ళు అబద్ధం చెబుతారని కాదు. తమ తప్పు తప్ప మిగతావన్నీ వాళ్ళకి ముందు కనపడతాయి.

అందుకే నాన్న వచ్చి "స్టీరింగు వణుకుతోందే" అన్నప్పుడు కూడా వెంటనే నమ్మలేదు.

నాన్న కారు నాకంటే వయసులో పెద్దది. రెండే సీట్లు, మడిచేసే గుడ్డ టాపు, పొడుగాటి ముక్కు, తీగల చక్రాలు. ఒకప్పుడు స్పోర్ట్స్ కారంటే ఇదే. పెళ్ళయిన కొత్తలో తుక్కు కింద పడి ఉన్నదాన్ని తెచ్చి, ఇంటి వెనక షెడ్డులో ఒక్కో బోల్టూ విప్పి మళ్ళీ బిగించాడు. పక్కన కూర్చుని స్పానర్లు అందించింది అమ్మ. వర్క్‌షాపు నాకు అప్పగించాక ఆయనకి మిగిలింది ఈ కారే. సాయంత్రం అమ్మని ఎక్కించుకుని ఊరి బయటి రోడ్డు మీద ఒక చుట్టు చుట్టి రాకపోతే ఆయనకి ముద్ద దిగదు.

ఆ కారు మీద మా బావ కన్ను పడి చాలాకాలమైంది. బావంటే అక్క మొగుడు, డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. స్కూలు ముందు దాన్ని నిలబెడితే దారినపోయేవాళ్ళంతా ఆగుతారని ఆయన ఆశ. వణుకు సంగతి తెలిసిన రోజు భోజనాల దగ్గర మెల్లిగా అందుకున్నాడు.

"మామయ్యా, కారూ పాతదైంది, మీకూ వయసొచ్చింది. ఇంక నడపడం ఆపేస్తే మంచిదేమో."

నాన్న కలుపుతున్న ముద్ద వదిలేశాడు. మాటా మాటా పెరిగింది. చివరికి నాన్నే తేల్చేశాడు.

"వణికే బండిని నేను రోడ్డెక్కించను. అది నా పద్ధతి. అమ్మడు ఆ లోపమేంటో పట్టుకుని బాగుచేసిందా, ఓపికున్నన్నాళ్ళూ నేనే నడుపుతా. పట్టుకోలేకపోతే తాళాలు నీకిచ్చేస్తా. సరేనా?"

బావ "సరే" అన్నాడు. మరీ టక్కున అన్నాడు. అది నాకు నచ్చలేదు. అమ్మ పళ్ళాలు తీసింది.

మర్నాడు నేను నడిపాను, నాన్న పక్కన కూర్చున్నాడు. డెబ్భై దాకా కారు బంగారం. ఎనభై దగ్గర స్టీరింగు చేతుల్లో గజగజ మొదలైంది, తొంభైకి పళ్ళు కదిలేంతయింది, వంద దాటాక అలిగినవాళ్ళు సర్దుకున్నట్టు సర్దుకుంది. కూర్చున్న సీటు మాత్రం వణకలేదు. అంటే వెనక చక్రాలది కాదు, ముందువాటిదే తంటా.

నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. ఒకసారికి ఒక్కటే చూడాలి. చూసి, నడిపి, ఆ తర్వాతే ఇంకోదాని జోలికి పోవాలి. నాలుగూ ఒకేసారి మార్చేస్తే బండి బాగవుతుంది కానీ ఏది చెడిందో ఎప్పటికీ తెలియదు. అలాగే టైర్లలో గాలి చూశాను, సరిగ్గానే ఉంది. జాకీ ఎక్కించి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూశాను, బేరింగు గట్టిగానే ఉంది. స్టీరింగు కడ్డీల కీళ్ళు ఊపి చూశాను, వదులు లేదు. సుద్దముక్క దగ్గరగా పెట్టి చక్రం తిప్పాను, వంకర లేదు. ఇక మిగిలింది బరువు.

చక్రం బరువు చుట్టూ సమంగా ఉండటానికి రిమ్ము లోపలివైపు చిన్న సీసం బిళ్ళలు అతికిస్తాం. ఎడమ ముందు చక్రానికి నా చేత్తో అతికించినవి ఇప్పుడు లేవు. దారిలో ఊడిపోయి ఉంటే జిగురు మిగలాలి, చుట్టూ దుమ్ము గీత ఉండాలి. రిమ్మంతా మట్టి కొట్టుకుని ఉంటే ఆ ఒక్కచోటు మాత్రం తోమిన గిన్నెలా మెరుస్తోంది. ఎవరో పీకి, గోకి, శుభ్రంగా తుడిచారు.

నా ఒళ్ళు మండింది. ఎవరికీ చెప్పలేదు. కొత్త బిళ్ళలు అతికించి ఒక్కదాన్నే నడిపి చూశాను. తొంభై దగ్గర వేలితో స్టీరింగు పట్టుకోవచ్చు, అంత నున్నగా ఉంది. మర్నాడు నాన్నని ఎక్కించుకుని బయల్దేరాను, ఆయన మొహం చూద్దామని. ఎనభై దగ్గర మళ్ళీ గజగజ.

"పోనీలేవే," అన్నాడు నాన్న. "ముసలిదైపోయింది. ఎంతకని లాగుతుంది?"

కారునే అన్నాడు. అయినా ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

ఇంటికొచ్చి చూస్తే ఈసారి కుడి చక్రం బిళ్ళలు లేవు. అక్కడా అదే మెరుపు. కుడి మడ్‌గార్డు మీద పొడుగాటి గీత కూడా ఉంది, ఇదివరకు లేనిది. ఆ ఉదయం ఇంటికి వచ్చిందెవరు? బావ. ఎందుకు? "ఊరికే, కారు చూసిపోదామని." లోపం దొరక్కపోతే లాభం ఎవరికి? బావకే. ఇంకేం కావాలి నాకు?

తిన్నగా డ్రైవింగ్ స్కూలుకి పోయాను.

"బావా, జేబులు చూపించు."

"ఏంటి మరదలా, పట్టపగలే దోపిడీనా?"

"నా సీసం బిళ్ళలు ఎక్కడ పెట్టావ్? వాగకుండా తియ్యి."

విషయం విన్నాక ఆయన నవ్వు ఆగిపోయింది. "నాకా కారంటే ఇష్టం. నిజమే, దాస్తానా? కావాలంటే నోరు తెరిచి అడుగుతా. అడిగా కూడా. దొంగచాటుగా చక్రాలు పాడుచేసి, మామయ్యని చంపుకుంటానా? నీ నోటికి హద్దూ అదుపూ లేదు."

"ఆ గీత కూడా నీది కాదంటావ్."

"కాదు. షెడ్డులోంచి తీస్తూ మామయ్యే గేటుకి రాశారు, నా కళ్ళముందే. రాసి, గేటు ఎవరు కదిపారని అరిచారు."

దొంగ చెప్పే మాటల్లో ఇది కాస్త కొత్తరకం అనుకుంటూ వచ్చేశాను. కానీ దారిలో ఒక్కటే తొలుస్తోంది. బావ తిన్న పళ్ళెం కూడా తియ్యడు, విడిచిన చొక్కా కుర్చీ మీదే ఉంటుంది. అలాంటివాడు బిళ్ళ పీకి, జిగురు గోకి, గుడ్డ పెట్టి తుడిచి మరీ పోతాడా? ఆ పని బావ చేతులది కాదు. అప్పుడు నా అనుమానం నాన్న మీదకి మళ్ళింది. విసుగొచ్చి, ఆ మాట పైకి చెప్పలేక, ఆయనే కారుకి రోగం తెప్పించుకుంటున్నాడా? కన్నతండ్రిని అనుమానించడం ఎంత సుఖంగా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మళ్ళీ బిళ్ళలు అతికించాను. వర్క్‌షాపుకి పోతున్నానని గట్టిగా చెప్పి, మధ్యాహ్నం నాన్న కునుకు తీసే వేళకి వెనక సందులోంచి షెడ్డుకి వచ్చాను.

ముందు చక్రం పక్కన పీట వేసుకుని అమ్మ కూర్చుంది. కొంగు నడుములో దోపుకుంది. మొద్దుబారిన వంటింటి చాకుతో బిళ్ళ కింద గోకుతోంది. బిళ్ళ ఊడొచ్చింది. దాన్ని ఒళ్ళో వేసుకుని, తడిగుడ్డతో ఆ చోటంతా తుడిచింది. మురికి వదిలేసి లేవడం ఆమె వల్ల కాదు.

లోపలికి అడుగేశాను. "అమ్మా!"

ఉలిక్కిపడింది కానీ చాకు దాచలేదు.

"నువ్వు పట్టేస్తావని తెలుసు," అంది. "ఇంత తొందరగా అనుకోలేదు."

"నీకేం పోయేకాలం? ఆ కారు లేకపోతే నాన్న ఏమైపోతాడో తెలుసా?"

"ఉంటే ఏమవుతాడో నాకు తెలుసు." గుడ్డ మడత పెట్టింది. "మీ నాన్నకి కుడిపక్క కనపడట్లేదే. గ్లాసు కుడివైపు పెడితే తన్నేస్తున్నారు. గుమ్మానికి కుడి భుజమే కొట్టుకుంటున్నారు. మొన్న సైకిలు మీద ఒక పిల్ల అటునుంచి వచ్చింది. నేను కేక పెట్టకపోతే... బ్రేకు వేసి ఏమన్నారో తెలుసా? స్టీరింగు మాట వినట్లేదు అన్నారు."

"డాక్టరు దగ్గరికి పోదామనలేదా?"

"అంటే ఊరుకుంటారా? నీకు చత్వారం వచ్చి నన్నంటున్నావా అన్నారు. ఆయన కంటికి లోపమంటే చచ్చినా నమ్మరు. కారుకి లోపమంటే వెంటనే నమ్ముతారు. వణికే బండిని తియ్యరు కదా. అందుకని పీకా."

చెప్పొద్దూ, నేను అమ్మని కూడా నమ్మలేదు. వయసు మీద పడ్డాక ఆడవాళ్ళకి రోడ్డంటే బెదురు పుడుతుంది, ఈవిడ గోరంతని కొండంత చేస్తోందేమో అనుకున్నాను. ఆమె నా మొహంలోకి చూసి అంది: "నమ్మకు. నువ్వెప్పుడు నమ్మావు గనక? బిళ్ళలు అతికించెయ్. రేపు ఆయన కారెక్కినప్పుడు నేను కుడిపక్కన నిలబడతా. నువ్వే చూడు."

మర్నాడు ఉదయం చక్రాలు సరిచేసి, నడిపి చూసి, వాకిట్లో నిలిపి, "దొరికింది నాన్నా, బరువు తేడా. అయిపోయింది" అన్నాను. నాన్న చెప్పులు సగం తొడుక్కుని పరిగెత్తుకొచ్చాడు. కూర్చుని, తాళం తిప్పి, ఇంజను చప్పుడు వింటూ స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించాడు. కాస్త కూడా అదురు లేదు.

"నా తల్లే! నా పరువు నిలబెట్టావు. మీ బావకి ఫోను చేసి చెప్పు."

నేను ఎడమ తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. అమ్మ వెనకనుంచి నడిచొచ్చి కుడి మడ్‌గార్డు పక్కన ఆగింది. పచ్చచీర, నిండు ఎండ. ఆయన చెయ్యి చాపితే అందేంత దూరం.

"మీ అమ్మ ఏదే? వస్తానంది కదా," అన్నాడు నాన్న, ఎడమవైపు ఇంటి గుమ్మం కేసి చూస్తూ. "రోజూ ఇదే వరస. తయారయ్యేసరికి పొద్దుగూకుతుంది."

అమ్మ కదల్లేదు.

నాన్న ఎదురుగా చూస్తూ హారను కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. "వినపడట్లేదా ఏంటి?" అని గొణిగి, గేటుకేసి తిప్పుకుందామని స్టీరింగు కుడికి తిప్పి గేరు మీద చెయ్యి వేశాడు. నేను ఒంగి తాళం తిప్పేశాను. ఇంజను ఆగిపోయింది.

"ఇక్కడే ఉన్నానండీ," అంది అమ్మ.

నాన్న తల తిప్పి చూశాడు.

"ఎప్పుడొచ్చావు?"

"మీరు తాళం తిప్పినప్పుడు."

కోప్పడతాడనుకున్నాను. గేటు మీదో, ఎండ మీదో, నా మీదో పడతాడనుకున్నాను. ఆయన స్టీరింగు కేసి, తర్వాత అమ్మ కేసి చూసి, వర్క్‌షాపులో మాట్లాడే గొంతుతో అన్నాడు: "అక్కడినుంచి మెల్లిగా కారు ముందుకొచ్చి అటుపక్కకి నడువు. నేను తల తిప్పను. కనపడగానే ఆగమంటా."

అమ్మ నడిచింది. మడ్‌గార్డు దాటింది, దీపం దాటింది, బంపరు ముందుకి తిరిగింది. నాన్న కళ్ళు ఎదురుగోడ మీదే ఉన్నాయి.

"నడుస్తున్నావా?" అని అడిగాడు.

"నడుస్తున్నానండీ," అంది అమ్మ.

సరిగ్గా స్టీరింగుకి ఎదురుగా వచ్చాక "ఆగు" అన్నాడు. ఒక్కసారి చూసి తేల్చే అలవాటు ఆయనకి లేదు. "ఇంకోసారి," అన్నాడు. అమ్మ వెనక్కి వెళ్ళి మళ్ళీ నడిచింది. మళ్ళీ అక్కడికి వచ్చాకే "ఆగు" అన్నాడు.

"కారులో ఏ లోపమూ లేదే అమ్మడూ," అన్నాడు నాన్న.

తాళం తీసి నా చేతిలో పెట్టాడు. దిగడానికి కుడిపక్క తలుపు పిడి కోసం తడుముకున్నాడు. అమ్మ వచ్చి తలుపు తీసింది.